కొలతకు కట్టించిన సైకిలు



పెండ్లి బట్టలకై సుల్తాన్ బజారునకు వచ్చువారు బట్ట కొనుటకు ఎంత ప్రొద్దు పుచ్చుదురో, దర్జీ ముందు నిలిచి కొలతలిచ్చుటకును ఇంచుమించు అంత ప్రొద్దు పుచ్చుదురు. భుజము, చంక, నడుము, చేతి పొడవు అన్నియు వ్రాయించియు నమ్మకము చాలక, ఇంటినుండి తెచ్చిన ఆది రవికను కూడ సంచిలోనుండి తీసి అప్పగింతురు. అర అంగుళము తేడా వచ్చినచో మరునాడే తిరిగి వచ్చి విప్పించి కుట్టించుకొందురు. ఇంత పట్టుదల గల మనమే సైకిలు కొనునప్పుడు రంగు అడుగుదుము, ధర అడుగుదుము, ఈ మధ్య తూకము కూడ అడుగుచున్నాము. కొలత మాత్రము అడుగము. సైకిలును గురించి నేడు మాటలాడ పూనుకొనుటకు మాకు గల అర్హత ఒక్కటే: కొలత విషయమున మేము చేసిన తప్పు మాకు బాగుగా జ్ఞాపకమున్నది.

సుల్తాన్ బజారు ఒకప్పుడు రెసిడెన్సీ బజారు. 1933లో ఆ బజార్లు తిరిగి నిజాము ప్రభుత్వమునకు దక్కిన పిమ్మట దానికి ఈ పేరు వచ్చినది. ఆ తరువాత చాల ఏండ్లవరకు ఈ వీధులలో తిరిగిన సైకిళ్ళు దాదాపు ఒకే అచ్చునకు చెందినవి. నల్లని రంగు, ఎత్తైన హ్యాండిలు, స్ప్రింగులపై వెడల్పాటి తోలు సీటు, వెనుక క్యారియరు. మొదట ఇంగ్లండునుండి వచ్చుచుండెను. 1949లో మదరాసులో టీ.ఐ. సంస్థయు, 1956లో లూధియానాలో హీరో సంస్థయు వెలసిన పిదప ఇక్కడివే వచ్చినవి. ఫ్రేము 22 అంగుళములది, కాకున్న 24 అంగుళములది. మనుష్యులు ఎన్ని విధములుగా ఉన్నను సైకిళ్ళు రెండు విధములే. పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. సీటు అందక, ఫ్రేము త్రికోణములో నుండి కాలు దూర్చి, ఒక ప్రక్కకు వంగి తొక్కెడివారు. దానిని మన నగరములో కైంచీ అనిరి. కైంచీ తొక్కి నేర్చుకొన్న తరమునకు ఒక నమ్మకము ఎముకలలోనికి దిగినది: సైకిలు మారదు, మనమే దానికి తగినట్లు వంగవలెను. మేమును ఆ తరమువారమే.

అట్టి మేము, ఏబది ఏండ్లు దాటిన తరువాత, తేలికపాటి రోడ్డు సైకిలు ఒకటి కొలతకు కట్టించుకొనవలెనని ముచ్చటపడితిమి. వంపు హ్యాండిలు, సన్నని చక్రములు, పలుచని ఉక్కు గొట్టముల ఫ్రేము. మొత్తము తూకము ఎనిమిదిన్నర కిలోలు. పాత నల్లసైకిలు ఇరువది కిలోలవరకు ఉండెడిది. పందెములలో అంతర్జాతీయ సైకిలు సంఘమువారు 6.8 కిలోలకు తక్కువైన సైకిలును ఒప్పుకొనరు. ఆ అంకె చదివిననాటినుండి మాకు తూకపు పిచ్చి పట్టినది. సీటు కూడ నూటయేబది గ్రాములది తెప్పించుకొంటిమి. అది చూచుటకు వేపాకువలె నుండెను.

ఫ్రేము కట్టువారు దూరపు ఊరివారు. కొలతలు వ్రాసి పంపుమనిరి. వారి కాగితములో అన్నిటికంటె పైన నున్నది కాలి లోపలి పొడవు. మేము లేచి గోడవద్దకు పోలేదు. మా దర్జీ పుస్తకములో ఉన్న ప్యాంటు లోపలి కొలత, ఇరువది ఎనిమిదిన్నర అంగుళములు, అదే సెంటీమీటర్లలోనికి మార్చి 72.4 అని వ్రాసి పంపితిమి. వారు దానిని నమ్మి ఫ్రేము కట్టిరి, ఫోర్కు గొట్టమును దానికి తగినట్లు కోసిరి. తప్పు పూర్తిగా మాది.

సైకిలు వచ్చినది. వారము తిరుగకమునుపే మోకాలి చిప్పల ముందు నొప్పి ఆరంభమయ్యెను. సీటు పల్లమైనప్పుడు వచ్చు నొప్పి అది. సీటును కొంచెము కొంచెముగా ఆరు సెంటీమీటర్లవరకు పైకి లేపితిమి, మోకాళ్ళు శాంతించినవి. అయితే సీటు లేచినంత మాత్రమున హ్యాండిలు లేవదుగదా! అది క్రిందనే ఉండిపోయినది. ఇప్పుడు బాగుగా వంగవలసి వచ్చి, సీటు మొన మెత్తని చోట ఒత్తసాగెను. ఆ ఒత్తిడి తప్పించుటకు సీటు మొనను క్రిందికి వంచితిమి. వంచగానే శరీరము ముందుకు జారుచుండెను. జారకుండ అరచేతులతో ఆపుకొనవలసి వచ్చెను. ఒక తప్పును దిద్దబోయి మరియొకటి, దానిని దిద్దబోయి ఇంకొకటి.

ఆ స్థితిలోనే రెండువందల కిలోమీటర్ల దూరపు సవారికి పేరిచ్చితిమి. ఇది పందెము కాదు. పారిసులోని ఆడాక్స్ సంఘము ఏర్పరచిన నియమముల ప్రకారము పదమూడున్నర గంటలలో ముగింపవలెను, అంతే. నూటముప్పదవ కిలోమీటరు దాటిన తరువాత ఎడమచేతి చిటికెన వ్రేలును, ఉంగరపు వ్రేలును మావి కానట్లు అనిపించినవి. బ్రేకు పట్టుకొంటిమో లేదో కంటితో చూచుకొనవలసి వచ్చెను. రోడ్డు ప్రక్క చింతచెట్టు క్రింద దిగి, సైకిలును చెట్టుకు ఆనించి, ఇంటికి ఫోను చేసితిమి. కారులో వచ్చుచు దారి పొడవున అనుకొన్నది ఒక్కటే: వయస్సు మీరినది, ఇక ఈ ముచ్చట చాలింపవలెనని. తరువాత మూడు వారములవరకు చొక్కా బొత్తాము ఎడమచేతితో పెట్టుకొనలేకపోయితిమి. మణికట్టు వద్ద చిటికెన వ్రేలి నరము నలిగినదని, మరికొంత తొక్కియుండినచో బలము కూడ తగ్గియుండెడిదని వైద్యుడు చెప్పెను.

సైకిలును అమ్మివేయుటకే సుల్తాన్ బజారు సందులోని పాత మెకానిక్కు వద్దకు తీసికొనిపోయితిమి. భాషానిలయమునకు పత్రికలు చదువ పోవునప్పుడు మాకు చిరకాలముగా తెలిసిన మనిషి. సైకిలును ఎత్తి చూచెను, తూకమునకు తల ఊపెను. మమ్ము గోడకు ఆనుకొని సీటుపై కూర్చుండుమని, కొంత దూరము పోయి ప్రక్కనుండి చూచి, అడిగెను:

"సార్, ఈ సైకిల్ మీ కోసం చేసిన్రా, మీ తమ్ముని కోసం చేసిన్రా?"

మాకే చేసిరని, కొలతలు మేమే పంపితిమని, అవి ఎక్కడివో కూడ చెప్పితిమి.

"ప్యాంటు కాలు ఏడికి అయిపోతది సార్, మీ కాలు ఏడికి అయిపోతది?"

అంతకంటె స్పష్టముగా ఎవరును చెప్పజాలరు. ప్యాంటు కొంత జారి కుట్టబడును. పాదము అడుగువరకు పోదు. కాలు నేలవరకు ఉన్నది. దర్జీ కొలత దర్జీకి సరియైనదే, సైకిలుకు కాదు. మరల కొలిచిన మా కాలి పొడవు 79 సెంటీమీటర్లని తేలినది.

ఈ కొలత ఇంటివద్ద తీయవచ్చును. చెప్పులు లేకుండ గోడకు వీపు ఆనించి నిలువుడు. గట్టి అట్ట గల లావుపాటి పుస్తకమును తొడల నడుమ, సీటుపై కూర్చున్నంత గట్టిగా, పైకి ఒత్తి పట్టుకొనుడు. ఇంకొకరు పుస్తకపు పై అంచునుండి నేలవరకు కొలువవలెను. వచ్చిన దానిని 0.883తో హెచ్చింపుడు. పెడళ్ళు తిరుగు ఇరుసు నడుమనుండి సీటు పైభాగమువరకు ఉండదగిన ఎత్తు అది. 79కి దాదాపు 69.8 వచ్చును, మా తప్పుడు కొలతకు 63.9 వచ్చెను. ఈ లెక్క శాసనము కాదు, ఆరంభము మాత్రమే. లెక్క రుచింపనివారు ఇట్లు చూచుకొనవచ్చును: పెడలు అట్టడుగున ఉండగా మడమ దానిపై పెట్టినచో మోకాలు నిటారుగా ఉండవలెను, తరువాత పాదపు ముందు భాగముతో తొక్కినప్పుడు మోకాలిలో కొంచెము వంపు మిగులును. తొక్కునప్పుడు నడుము అటునిటు ఊగుచున్నను, మోకాలి వెనుక లాగుచున్నను సీటు ఎత్తైనదని అర్థము.

ఇక సీటు. నల్లసైకిలుపై నిటారుగా కూర్చుందుము. బరువులో పెద్ద భాగము సీటుపైననే పడును. అందుచేత దానికి వెడల్పు, స్ప్రింగులు. రోడ్డు సైకిలుపై ముందుకు వంగుదుము. బరువును చేతులును, కాళ్ళును పంచుకొనును. తొడలు రాచుకొనకుండ సీటు సన్నగిల్లవలెను. రెండింటిలోను బరువు మోయవలసినవి మాత్రము ఒక్కటే. పీటపై కూర్చున్నప్పుడు అడుగున తగులు రెండు ఎముకల కొనలు అవి. వాటి నడుమ నున్న మెత్తని చోట నరములు, రక్తనాళములు కలవు. ఆ చోటు బరువు మోయుటకు పుట్టలేదు. నొప్పి పుట్టగానే మనము బజారునకు పోయి మెత్తని జెల్లు తొడుగు కొందుము. కూర్చున్న రెండు నిమిషములు హాయిగా నుండును. గంట గడచునప్పటికి ఎముకలు దానిలో దిగబడి, నడిమి జెల్లు పైకి ఉబికి, ఏ చోట ఒత్తరాదో ఆ చోటనే ఒత్తును. సీటునకు కావలసినది మెత్తదనముకంటె ముందు ఆసరా.

మొద్దుబారుట ఆటలో సహజమని తోటివారు ధైర్యము చెప్పుదురు. వినకుడు. 2008లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో, 90 మంది సైకిలు పోలీసులకు ముందు మొన లేని సీట్లు ఇచ్చి ఆరు నెలలు గమనించిరి. తమకు మొద్దుబారుట లేదని చెప్పినవారు మొదట నూటికి 27. ఆరు నెలల తరువాత 82. మనుష్యులు మారలేదు, సీటు మారినది.

ఆ ఎముకల దూరమును కూడ ఇంటనే కొలువవచ్చును. పార్సిలు పెట్టె అట్టముక్కను చెక్క బల్లపై పరచి, పలుచని బట్టలతో దానిపై కూర్చొని, కొంచెము ముందుకు వంగి లేచినచో రెండు గుంటలు పడును. ఒకదాని నడుమనుండి రెండవదాని నడుమవరకు కొలిచి, దానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపినచో సీటు వెడల్పు ఇంచుమించుగా తెలియును. మా గుంటల దూరము 12.5 సెంటీమీటర్లు. మా వేపాకు సీటు వెడల్పు 13. అనగా ఎముకలు అంచులపై వ్రేలాడుచుండెను!

ఇక్కడ స్త్రీలను గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. సగటున వారి కటి వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. దుకాణములలో ముందు కనిపించునవి పురుషుల కొలతలకు చేసినవి. సుల్తాన్ బజారుకు చేరువనే ఉన్న కోఠీ మహిళా విశ్వవిద్యాలయమునకు పోవు ఆడపిల్లలలో ఒక్కరైనను సైకిలు కొని, పది దినములు తొక్కి, నొప్పికి సిగ్గుపడి, ఎవరికిని చెప్పుకొనలేక మూలబెట్టినచో ఆ తప్పు ఆ పిల్లది కాదు. అమెరికాలో జార్జీనా టెర్రీ అను ఇంజనీరు 1985లో స్త్రీలకొరకే సైకిళ్ళు కట్టు సంస్థను స్థాపించినది. పొట్టివారికి ముందు చక్రమును చిన్నదిగా చేసి, హ్యాండిలును దగ్గరకు తెచ్చినది. అయిదడుగుల మనిషికి సైకిలును చాచి పట్టుకొనవలసిన అవసరము లేదని చేసి చూపినది. మన ఇండ్లలో ఆడపిల్లకు సైకిలు కొనువారు దుకాణములోనే అట్టముక్క అడిగి, పిల్లను కూర్చుండబెట్టి చూడవలెను. రవికకు ఆది ఇచ్చుటకు లేని సిగ్గు దీనికి ఏల?

మా సైకిలు సంగతికి వత్తును. మెకానిక్కు పానా తీసికొని మొదట సీటు మొనను మట్టము చేసెను. కోసిన ఫోర్కు గొట్టము తిరిగి పెరుగదు. అందుచేత హ్యాండిలును పట్టుకొను మెడను మార్చి, పైకి చూచునది, పొట్టిది బిగించెను. హ్యాండిలు నాలుగు సెంటీమీటర్లు లేచి, రెండు సెంటీమీటర్లు దగ్గరకు వచ్చెను. చూపునకు కొంత వికారముగానే ఉన్నది. కోసినవారు చూచినచో నొచ్చుకొందురు. సీటు పదిహేనున్నర సెంటీమీటర్లది, నడుమ చీలిక గలది వేసికొంటిమి. 25 మిల్లీమీటర్ల టైర్లకు బదులు 32వి వేసి గాలి తగ్గించితిమి. ఫ్రేము గొట్టము ఉక్కా, టైటానియమా యని మిత్రులు గంటలకొలది వాదింతురు; రోడ్డు గుంటల దెబ్బను మింగుటలో టైరులోని గాలి చేయు మేలు దానికంటె ఎక్కువ. ఇన్ని మార్పులకు తూకము ఆరువందల గ్రాములు పెరిగినది. ఒక సీసా నీళ్ళ బరువు. మొదట ఆ ఆరువందల గ్రాములకు మనస్సు గిలగిల లాడినదని ఒప్పుకొనవలెను.

ఒక్కసారిగా అన్నియు మార్చినచో ఏది మేలు చేసినదో తెలియదని మెకానిక్కు హెచ్చరించెను. 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి వెంట తెరచిన, సౌరఫలకముల కప్పు గల 23 కిలోమీటర్ల సైకిలు బాటలో ప్రతి ఆదివారము తొక్కి, ఒక్కొక్క మార్పునే పరీక్షించితిమి. సీటు ఎత్తును మూడు మిల్లీమీటర్లకు మించి ఒక్క వారములో కదపలేదు. చివరకు 69.5 వద్ద నిలిచినది. లెక్క చెప్పినదానికంటె మూడు మిల్లీమీటర్లు తక్కువ.

మరుసటి డిసెంబరులో అదే రెండువందల కిలోమీటర్లను పన్నెండు గంటల నలుబది నిమిషములలో ముగించితిమి. చింతచెట్టువద్ద ఆగి నీళ్ళు త్రాగితిమి. సీటు నొప్పి లేదనుట అబద్ధము. దిగి నాలుగడుగులు నడిచిన పోవునంతటి నొప్పి. చలికాలపు తెల్లవారుజామున ఎడమచేతి చిటికెన వ్రేలు ఇప్పటికిని కొంచెము ఆలస్యముగా మేలుకొనును. సీటు రాడ్డుపై ఆ మెకానిక్కు తెల్లరంగుతో గీచిన గీత అట్లే ఉన్నది. ఓవరాలింగుకు ఇచ్చునప్పుడెల్ల ఆ గీతను చెరపవద్దని చెప్పి మరీ ఇచ్చుచున్నాము.