బలమున్నోళ్లు ఎందుకు ఓడిపోతారు? పూలిడోర్ నుంచి మన మల్లీశ్వరి దాకా

కాశీబుగ్గ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. కొందరికి ఒంట్లో బలం ఉంటుంది, సాధన ఉంటుంది. అయినా గెలుపులు మాత్రం దానికి తగ్గట్టు రావు. ఎందుకని?

ముందు సైకిల్ పందెం సంగతి చూద్దాం. పలాస నుంచి వజ్రపుకొత్తూరు వైపు సముద్రపు గాలికి ఎదురు తొక్కినవాళ్లకి ఇది వెంటనే అర్థమైపోద్ది. ముందు తొక్కేవాడు గాలిని కోసుకుంటూ పోతాడు. వాడి వెనక చక్రాన్ని అంటుకుని వచ్చేవాడికి మూడో వంతు దాకా శ్రమ తగ్గుతుంది. అంటే ఏటి? గుంపులో అందరికన్నా బలమైనవాడు ఎవడో తెలిసిందంటే, మిగతావాళ్లంతా వాడి వెనక చేరతారు. వాడి బలం వాడికే బరువైపోద్ది.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో బెల్జియం రైడర్ వౌట్ వాన్ ఆర్ట్‌కి జరిగింది అదే. ఈక్వెడార్‌కి చెందిన కారపాజ్ ముందుకు దూకేశాడు. అతన్ని పట్టుకునే పని చాలావరకు వాన్ ఆర్ట్ మీదే పడింది. కారపాజ్‌కి బంగారం, వాన్ ఆర్ట్‌కి వెండి.

అంతకు ముందు ఫ్రాన్స్‌లో రేమండ్ పూలిడోర్ అని ఒకాయన ఉండేవాడు. టూర్ ద ఫ్రాన్స్‌లో మూడుసార్లు రెండో స్థానం, అయిదుసార్లు మూడో స్థానం. మొదటి స్థానంలో ఉన్నవాడు వేసుకునే పసుపు జెర్సీ మాత్రం ఒక్కరోజు కూడా వేసుకోలేదు. 1964లో ఆంక్తీల్ చేతిలో 55 సెకన్ల తేడాతో ఓడిపోయాడు. కానీ ఫ్రాన్స్ జనం గెలిచిన ఆంక్తీల్ కన్నా పూలిడోర్‌నే ఎక్కువ ప్రేమించారు. 2019లో ఆయన పోయాడు. 2021లో ఆయన మనవడు మాథ్యూ వాండర్ పూల్ ఆ పసుపు జెర్సీ వేసుకున్నాడు.

ఇప్పుడు మన జిల్లాకి వద్దాం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి. వెయిట్‌లిఫ్టింగ్‌లో వెనక చక్రం పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు కదా, మరి ఇక్కడ బలమున్నవాళ్లే గెలవాలి కదా అనిపిస్తుంది. కానీ చూడండి.

1994లో, 1995లో, వరసగా రెండేళ్లు, ఆవిడ 54 కిలోల తరగతిలో ప్రపంచ ఛాంపియన్. ఆ మరుసటి ఏడాది, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్ జరిగాయి. అక్కడ ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగే లేదు! మంచి ఊపులో ఉన్న మనిషికి ఎత్తడానికి బార్ పెట్టినవాళ్లే లేరు. ఓడిపోవడానికైనా పోటీ అనేది ఒకటుండాలి కదా.

2000లో సిడ్నీలో మొదటిసారి ఆడవాళ్లకి అవకాశం ఇచ్చారు. అప్పటికి ఆవిడకి 25 ఏళ్లు, తరగతి 69 కిలోలు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఆఖరి ప్రయత్నం 137.5. అది నిలబడలేదు. చైనా లిఫ్టర్ లిన్ వెయినింగ్, హంగేరీ లిఫ్టర్ మార్కుష్, ఇద్దరూ 242.5 ఎత్తారు. ఒంటి బరువు తక్కువని లిన్‌కి బంగారం ఇచ్చారు.

ఆవిడ 135 ఎత్తి ఉంటే 245. బంగారం ఆవిడదే. ఇంట్లో కూర్చుని ఈ లెక్క వెయ్యడం మనకి సుళువే. వేదిక మీద, ఒక్క ప్రయత్నం మిగిలినప్పుడు, బంగారం కోసం పెద్ద బరువు అడగడానికి గుండె కావాలి. 132.5 అడిగి ఉంటే ముగ్గురూ సమానమై, తూకం మెషిన్ తేల్చేది.

ఆ సిడ్నీ ఒలింపిక్స్ మొత్తం మీద భారతదేశానికి వచ్చిన పతకం అదొక్కటే. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అయినా ఇలాంటి పతకాల గురించి రాసేటప్పుడు మనం ఏమంటాం? "కంచుతో సరిపెట్టుకుంది" అంటాం. నాకు నచ్చనిది ఆ మాటే. సరిపెట్టుకోవడం ఏటండీ? రెండున్నర కిలోల తేడాతో, ప్రపంచంలో మూడో మనిషి!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర జిల్లా సెలక్షన్స్‌కి వెళ్లొచ్చిన పిల్లల్ని గుమ్మంలోనే అడుగుతాం, "ఎన్నో స్థానం?" అని. రెండో స్థానం అంటే, "ఇంక చాల్లేవే, చదువుకో" అంటాం. అక్కడితో ఆ పిల్ల ఆట ఆగిపోద్ది.

స్థానం అనేది పక్కన ఎవరున్నారు, ఆ ఏడాది పోటీ పెట్టారా లేదా, ఆఖర్న ఎంత బరువు అడిగారు, వీటన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. పిల్ల చేతిలో ఉన్నది ఒకటే, నిరుటి కన్నా ఈ ఏడు ఎంత పెరిగిందీ అన్నది. అందుకని అమ్మలకీ, నాన్నలకీ, పీఈటీ మాస్టార్లకీ నా మనవి. పిల్లలు ఇంటికి రాగానే ముందు అదడగండి. "నిరుడు ఎంత, ఇప్పుడెంత?" అని. స్థానం సంగతి అన్నం తిన్నాక మాట్లాడుకోవచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.