మొన లేని శంఖం

పట్టాలు పుచ్చుకున్న పిల్లలూ, అభినందనలు.

జంతుశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి. వేదిక ఎక్కించినా పాఠమే వస్తుంది, ఓర్చుకోండి.

నా సంచిలో ఓ శంఖం ఉంది. మన ఆర్మూరుకు సముద్రం లేదు. మన్నారు సింధుశాఖ లాంటి చోట్ల, ఇసుకలో పురుగులు తింటూ పాకే నత్త కట్టుకున్న ఇల్లిది. అంత నిదానపు ప్రాణి ఇల్లు మన దేవుడి గూటి దాకా వచ్చింది! రెక్కలున్న పాలపిట్ట మాత్రం మన చేల పక్కన కరెంటు తీగ మీద కూర్చుని మిడతల కోసం కాచుకుంటుంది. మీలో దుబాయి వీసా వచ్చినవాళ్లూ, రేపు చేనుకే పోయేవాళ్లూ ఉన్నారని తెలుసు. అందుకే ఈ రెండూ గుర్తొచ్చాయి.

వెన్నెముక ఉండటం, లేకపోవటం పరీక్షలో రాసేశారు, వదిలేద్దాం. పిట్ట గుడ్డు పెంకూ, శంఖమూ ప్రధానంగా ఒకే సరుకు, కాల్షియం కార్బొనేట్. పిట్టపిల్ల ముక్కు కొసనున్న బొడిపెతో పెంకు పగలగొట్టుకుని వస్తుంది. తర్వాత ఆ బొడిపే ఊడిపోతుంది. నత్త పెంకును వదలదు. అంచున కొత్త పొర చేర్చుకుంటూ పెరుగుతుంది. పుట్టినప్పటి బుల్లి గూడు మొనలోనే ఉండిపోతుంది.

ఇదిగో, ముందు వరసవాళ్లు అందుకోండి. వేలితో తడమండి. మొన లేదు కదూ? ఊదడానికి కోసేశారు. తీర్థం పోసే శంఖానికి మొన ఉంటుంది, మోగే శంఖానికి ఉండదు.

పాలపిట్ట నీలం ఇంకో చిత్రం. ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. లోపలి సన్నని అల్లిక వెలుగును చెదరగొట్టి నీలం చూపిస్తుంది. పసుపు కొమ్ము నూరితే రంగు తేలుతుంది, ఆ ఈక నూరితే నీలం పోతుంది.

ఒక దసరాకు పంజరంలో పాలపిట్టను తెచ్చినవాడికి డబ్బులిచ్చి దండం పెట్టాను. రెక్కలు కత్తిరించారని ఇంటికొచ్చాక గానీ తట్టలేదు. అది మన రాష్ట్ర పక్షి, పట్టి బంధించడం నేరం. ఇంత చదివిన నేనే పైకమిచ్చాను. ఈ మాట ఇన్నాళ్లూ క్లాసులో చెప్పలేదు.

శంఖం చివరి వరసకు చేరిందా? ఎవరైనా ఊదండి. నాకు ఊదడం రాదు.