ఆటకు డబ్బిచ్చిన వాళ్లకు ఏమివ్వాలి?

(స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకిచ్చిన అంశం 'క్రీడలకు దాతల తోడ్పాటు'. కార్యదర్శి నా బెంచీవాడే. ఫోన్ చేసి, "నువ్వు అమెరికాలో ఉండొచ్చావు కదరా, అక్కడి క్లబ్బులు దాతల్ని ఎట్లా గౌరవిస్తాయో ఓ పావుగంట చెప్పు" అన్నాడు. ఎందుకు అడిగాడో మీకూ తెలుసు. మన గ్రౌండుకు ప్రహరీ, కబడ్డీకి, వాలీబాల్‌కి కోర్టులు, ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఒక గది, చిన్న పెవిలియన్ కట్టడానికి చందాలు మొదలయ్యాయి. చందా ఇచ్చినవాళ్లకు బదులుగా ఏమివ్వాలన్న ముసాయిదా నిన్న మీ అందరి చేతికీ వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సర్వసభ్య సమావేశంలో దాన్ని చర్చకు పెడతారు. అందులో మూడు సంగతులు నాకు మింగుడు పడలేదు. అవి రాసినవాళ్లు నా స్నేహితులే. ఇక్కడే ఉన్నారు, నా వంక చూస్తూనే ఉన్నారు. చాటున అనడం కంటే మైకులో అనడం మర్యాద అనుకుని మాట్లాడుతున్నాను.

దాత పేరు రాయడం మనకు కొత్త కాదు. గుడిలో ఫ్యాను రెక్కకు ఒకరి పేరు చొప్పున మూడు రెక్కలకూ రాస్తాం, ఫ్యాను తిరిగితే ఒక్కటీ కనపడదు. ట్యూబులైటు మీద పేరు రాసి ఆ మేరకు వెలుతురు తగ్గిస్తాం. నవ్వుతున్నారు గానీ, నేను దాన్ని తప్పు పట్టడం లేదు. తండ్రి జ్ఞాపకంగా బడికి ఒక సిమెంటు బెంచీ ఇచ్చినవాడు, దాని మీద తండ్రి పేరు చూసుకోవాలనుకోవడంలో అత్యాశ ఏముంది? పేరు రాయొద్దని నేననను. పేరుతో పాటు ఇంకేం ఇస్తున్నామన్నదే నా బాధ.

నేను అమెరికాలో ఉన్నది విస్కాన్సిన్ రాష్ట్రంలో, కాగితపు మిల్లులో ఉద్యోగం. దగ్గర్లో గ్రీన్ బే అనే ఊరు. జనాభా లక్ష పైచిలుకు. మన జిల్లా కేంద్రాల్లో దానికంటే పెద్దవి చాలా ఉన్నాయి. ఆ ఊరికి ఒక ఫుట్‌బాల్ జట్టుంది, గ్రీన్ బే ప్యాకర్స్. పేరుకే ఫుట్‌బాల్, ఎక్కువగా చేతుల్తోనే ఆడతారు, అది వేరే కథ. న్యూయార్క్, షికాగో లాంటి మహానగరాల జట్లతో పోటీపడే ఈ జట్టుకు యజమాని అంటూ ఒకడు లేడు. ఊరివాళ్లు, అభిమానులు షేర్లు కొని నిలబెట్టుకున్న జట్టు. ఇవాళ వాటాదారులు 5 లక్షల పైమాటే. అంటే ఊరి జనం కంటే ఊరి జట్టు వాటాదార్లు ఎన్నో రెట్లు ఎక్కువ.

జట్టు మొదలైంది 1919లో. మొదటి దాత ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ. మన ఇండియాతో సంబంధమేమీ లేదు, మాంసం డబ్బాల్లో నింపి అమ్మే కంపెనీ. జట్టు పెట్టిన కర్లీ లాంబో అందులో గుమాస్తా. చొక్కాలు కొనడానికి 500 డాలర్లు ఇచ్చి, సాధన చేసుకోవడానికి స్థలం చూపించారు. ప్యాకర్స్ అన్న పేరు అట్లా వచ్చింది. ఆ కంపెనీ కొద్ది కాలానికే చేతులు మారి కనుమరుగైంది. పేరు మాత్రం వందేళ్లు దాటినా జట్టుతోనే ఉంది. ఆ 500 డాలర్లకు దక్కినంత పేరు ఇంకే విరాళానికైనా దక్కిందా అని నాకు అనుమానం.

తర్వాత డబ్బు కరువొచ్చిన ప్రతిసారీ షేర్లు అమ్మారు. 1923లో షేరు 5 డాలర్లు. 1931లో గ్యాలరీ మీంచి ఒక ప్రేక్షకుడు కిందపడి దావా వేసి గెలిచాడు. బీమా కంపెనీ దివాలా తీయడంతో ఆ భారం జట్టు మీద పడింది. 1935లో మళ్లీ ఊరిమీదకు వెళ్లారు. 1950లో షేరు 25 డాలర్లు. 1997లో 200 చేశారు. అప్పుడు నేనూ ఒకటి కొన్నాను.

కొని ఇంటికి తెచ్చిన కాగితం చూసి మా ఆవిడ అడిగిన ప్రశ్నలు ఇవి. "డివిడెండ్ ఎంతిస్తారు?" ఇవ్వరు. "రేటు పెరిగితే అమ్ముకోవచ్చా?" కుదరదు. ఇంట్లోవాళ్లకు రాసివ్వాలి, లేదా నామమాత్రపు ధరకు తిరిగి క్లబ్బుకే ఇచ్చేయాలి. "పోనీ ఆటకు టికెట్టయినా ఇస్తారా?" అదీ ఇవ్వరు. సీజన్ టికెట్టు కోసం లక్షకు పైగా జనం పేర్లు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూస్తుంటారు, వాటాదారైనా ఆ వరసలో నిలబడాల్సిందే. "మరి ఎందుకండీ ఇది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాను.

జవాబు తర్వాత వేసవిలో దొరికింది. ఏటా వాటాదార్ల సమావేశం ఉంటుంది. ఎవరిదో హోటల్లో కాదు, జట్టు ఆడే లాంబో ఫీల్డ్‌లోనే. వేలమంది వస్తారు. కోశాధికారి లేచి నిరుడు ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది లెక్క చెబుతాడు. డైరెక్టర్లను ఎన్నుకోవడానికి మన చేతికి ఓటు ఇస్తారు. పక్కన కూర్చున్న ముసలాయన కాగితపు మిల్లులోనే ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఆయన షేరు వాళ్ల నాన్న 1950లో కొన్నది. నాన్న పోయాక తన పేర మార్పించుకున్నాడు. లెక్కలు చదువుతుంటే పొలం కౌలు లెక్క వింటున్న రైతులా విన్నాడు. ఆయనకు ఆ క్లబ్బు ఇచ్చిన గౌరవం అదే. పూలదండ కాదు, లెక్క అడిగే హక్కు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1997లో కొత్త షేర్లు లక్షకు పైగా అమ్ముడయ్యాయి. పాతవాళ్ల దగ్గరున్నవి వేలల్లోనే. కొత్త డబ్బు ముందు పాతవాళ్ల మాట చెల్లకుండా పోతుంది. అందుకని అమ్మకానికి ముందే పాత షేరు ఒక్కొక్కదాన్నీ వెయ్యి చేశారు. కష్టకాలంలో 5 డాలర్లు, 25 డాలర్లు ఇచ్చినవాడు, మంచిరోజుల్లో 200 ఇచ్చినవాడి వెనక్కి పోకూడదని. పైగా ఏ ఒక్కరూ 2 లక్షల షేర్లకు మించి పెట్టుకోకూడదన్న నిబంధన కూడా ఉంది. జట్టును ఎవరైనా అమ్మితే ఆ డబ్బు వాటాదార్లకు చేరదు. మొదట్లో అయితే సైనికుల స్మారకానికి పోవాలని రాసుకున్నారు, ఇప్పుడు ధర్మ సంస్థకు. ఇంత గట్టిగా కట్టుకున్నారు కాబట్టే ఆ చిన్న ఊళ్లో జట్టు ఇంకా ఉంది.

స్పెయిన్‌లో బార్సిలోనా క్లబ్బు కూడా సభ్యులదే. అధ్యక్షుణ్ణి వాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. అక్కడ డబ్బును కాదు, ఏళ్లను లెక్కపెడతారు. సభ్యత్వం 25 ఏళ్లు నిండితే వెండి బ్యాడ్జీ, 50 నిండితే బంగారు బ్యాడ్జీ. స్వర్ణోత్సవం సంస్థకే కాదు, సభ్యుడికీ ఉంటుందన్నమాట. ఈ ముక్క మన కార్యదర్శి రాసుకుంటే బాగుంటుంది. మన సంఘంలో 50 ఏళ్లుగా ఏడాది చందా ఒక్కసారీ ఎగ్గొట్టనివాళ్లు ఎంతమందో రిజిస్టరు తీస్తే తెలుస్తుంది.

జర్మనీ రాజధానిలో యూనియన్ బెర్లిన్ అని సాకర్ జట్టుంది. 2004లో డబ్బుకు కటకటలాడుతుంటే, అభిమానులు ఆసుపత్రులకు రక్తం ఇచ్చి, అందుకు వచ్చే కొద్దిపాటి పైకాన్ని క్లబ్బుకు జమ చేశారు. 2008లో స్టేడియం బాగుచేయాల్సి వచ్చింది. రెండు వేల మందికి పైగా అభిమానులు సెలవులు పెట్టుకుని వచ్చి సిమెంటు కలిపారు, ఇనుము మోశారు. మొత్తం లక్షా 40 వేల గంటల పని, కూలి లేకుండా. స్టేడియం దగ్గర దానికొక స్మారకం ఉంది. కట్టుబడి పనివాళ్లు పెట్టుకునే హెల్మెట్ ఆకారంలో చేసి, పనిచేసిన వాళ్ల పేర్లు రాశారు. ఎవరు ఎన్ని గంటలు చేశారన్న వరుసలో కాదు.

ఇక చేదు కథ. ఇంగ్లండులో న్యూకాసిల్ యునైటెడ్ అని పెద్ద క్లబ్బు. 1994లో అభిమానులకు 500 పౌండ్ల బాండ్లు అమ్మింది. కొన్నవాళ్లకు పదేళ్లపాటు ఫలానా సీటు మీదేనన్నారు. అయిదేళ్లు గడిచేసరికి ఆ సీట్ల చోట కంపెనీల అతిథులను కూర్చోబెడితే ఎక్కువ డబ్బొస్తుందని తోచింది. వేలమందిని వేరే చోటికి మారమన్నారు. కొందరు కోర్టుకు వెళ్లారు. 2000లో ఓడిపోయారు, అప్పీలులోనూ ఓడిపోయారు. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో క్లబ్బుకు ఆ వెసులుబాటు ఉంది మరి. చట్టప్రకారం క్లబ్బు గెలిచింది. కష్టాల్లో 500 పౌండ్లు ఇచ్చినవాడి ముందు ఎట్లా తలెత్తుకుంటుందో నాకు అర్థం కాదు.

మన ముసాయిదాలో 'దాతల కుటుంబాలకు పెవిలియన్ ముందు వరస శాశ్వతంగా' అని ఉంది. ఎనిమిది కుర్చీలు పట్టే ముందు వరస. ఇప్పటికే పద్నాలుగు మంది దాతలు తేలారు. నిలబెట్టుకోలేని మాట రాతపూర్వకంగా ఎందుకు ఇస్తున్నాం?

మూడో సంగతి అన్నిటికంటే ముఖ్యం. దానికి దేశాలు దాటనక్కర్లేదు, విజయనగరం దాకా వెళ్తే చాలు. విజయనగరం మహారాజకుమార్, లోకం విజ్జీ అని పిలిచిన ఆయన, భారత క్రికెట్‌కు తక్కువ చేయలేదు. 1930లో హాబ్స్, సట్‌క్లిఫ్‌లాంటి మహామహులను మన దేశం రప్పించి మన కుర్రాళ్లతో ఆడించాడు. 1932 ఇంగ్లండు పర్యటనకు బోర్డుకు భూరి విరాళమిచ్చాడు. అంతవరకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ 1936లో జట్టు కెప్టెన్సీయే తీసుకున్నాడు. ఆ జట్టులో సి.కె. నాయుడు ఉన్నాడు. మూడు టెస్టుల్లో విజ్జీ చేసిన పరుగులు మొత్తం 33. రెండు టెస్టులు ఓడిపోయాం. మంచి ఆటలో ఉన్న లాలా అమర్‌నాథ్‌ను మొదటి టెస్టుకు ముందే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. ఇచ్చిన డబ్బంతా ఎవరికి గుర్తుంది? ఆ పర్యటన మాత్రం అందరికీ గుర్తుంది.

దానికి నాలుగేళ్ల ముందు పోర్‌బందర్ మహారాజా కూడా కెప్టెన్‌గానే ఇంగ్లండు వెళ్లాడు. ఆయనకూ ఆట అంతంతమాత్రమే. ఆ సంగతి ఆయనకు తెలుసు. 1932 జూన్‌లో లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టు రోజున తాను పక్కకు తప్పుకుని సి.కె. నాయుడికి జట్టును అప్పగించాడు. ఆ పనికి ఆయనకు ఎవరూ శిలాఫలకం వేయలేదనుకుంటాను. వేయాల్సింది.

'5 లక్షలు, ఆపైన ఇచ్చినవారు పాఠశాల జట్ల ఎంపిక సంఘంలో శాశ్వత సభ్యులు' అన్న ఏడో అంశం చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ ఇద్దరు రాజులే. రేపు ఒక దాతగారి మనవడు కబడ్డీకి వస్తాడు. చెరువుగట్టు అవతలి నుంచి చెప్పుల్లేకుండా వచ్చే పిల్లాడూ వస్తాడు. పి.ఇ.టి. మాస్టారు ఎవరి వంక చూడాలి? పిల్లాడి కాళ్ల వంకా, తాతగారి ముఖం వంకా? ఆ ఇబ్బంది మాస్టారుకు పెట్టొద్దని నా మనవి.

కాబట్టి మధ్యాహ్నం సమావేశంలో నేను పెట్టబోయే సవరణలు ఇవి. ఫలకం మీద పేర్లు అక్షరక్రమంలో, మొత్తాలు లేకుండా రాయాలి. గ్రౌండు చదును చేయడానికి ట్రాక్టరు తోలినవాళ్లు, తట్ట మోసినవాళ్లు, పాతికేళ్లు సున్నంతో గీతలు గీసిన మన అటెండరు గారు, అందరూ అందులోనే ఉండాలి. ముందు వరస ఆడపిల్లల జట్టుకు, మాస్టార్లకు. వంద రూపాయలిచ్చినవారికైనా ఏటా జనవరిలో గ్రౌండులోనే జమాఖర్చులు చదివి వినిపించాలి, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఏడో అంశం పూర్తిగా తీసేయాలి. ఎంపిక పి.ఇ.టి. మాస్టార్లదే.

ఇట్లా చేస్తే పెద్ద మొత్తాలు రావని నిన్న రాత్రి ఒక మిత్రుడు అన్నాడు. రాకపోవచ్చు. అప్పుడు పెవిలియన్ కప్పు రేకులతో సరిపెట్టుకుందాం. గది మాత్రం ముందు కట్టాలి. ఆడపిల్లలు ఇంకా సైన్సు ల్యాబు వెనక చున్నీ అడ్డం పెట్టుకునే బట్టలు మార్చుకుంటున్నారని హెడ్మాస్టారు చెప్పారు.

నా చెక్కు ఉదయమే కోశాధికారికి ఇచ్చేశాను. ఎంత అన్నది ఆయనకు, నాకు, మా ఆవిడకు తెలుసు. రశీదులో ఇంటిపేరు మాత్రం సరిగ్గా రాయమన్నాను. పదో తరగతి సర్టిఫికెట్టులో పడ్డ తప్పును పాస్‌పోర్టు ఆఫీసులో దిద్దించుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.