శాసనంలో కూతురు, తెరమీద కొడుకు

(మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



రాజులు, రాణుల మీద వచ్చే సినిమాల గురించి మాట్లాడమని నన్ను అడిగినప్పుడు, హక్కుల కోసం పనిచేసే మనకి వాటితో ఏం పని అని మీలో కొందరికి అనిపించి ఉండొచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఆడపిల్లల గురించి మనం ఊళ్ళలో పెట్టే మీటింగుల్లో రుద్రమదేవి పేరు రాకుండా ఉండదు. 2015లో గుణశేఖర్ తీసిన సినిమా వచ్చాక ఆ పేరుతోపాటు ఒక కథ కూడా మన ప్రచారంలోకి వచ్చేసింది. ఈ రోజు ఆ కథ గురించే మాట్లాడతాను.

సినిమా వచ్చిన కొత్తలో ఒక పొదుపు సంఘం వాళ్ళతో కలిసి చూశాను. బయటికి వచ్చాక ఒకామె సంతోషంగా, "నేను గూడ మా బిడ్డని కొడుకు లెక్కనే పెంచుతున్న మేడం" అంది. పక్కనున్నామె, "కొడుకు లెక్క పెంచుతున్నవ్ సరే, భూమి ఇస్తవా మరి?" అని అడిగింది. అందరూ నవ్వారు. మొదటామె నవ్వలేదు. అప్పటినుంచీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

సినిమా కథ మీకు తెలుసు. గణపతిదేవుడికి ఆడపిల్ల పుడుతుంది. ఆ సంగతి బయటికి పొక్కితే రాజ్యానికి ముప్పని ఆమెని మగపిల్లవాడిగా లోకాన్ని నమ్మించి పెంచుతారు. తాను ఆడపిల్లనని ఆమెకే చాలాకాలం తెలియదు. రహస్యం బయటపడ్డాక కోట విడిచి పోవలసి వస్తుంది. కథ మొత్తం ఈ రహస్యం మీదే నిలబడింది.

మరి శాసనాలు ఏం చెబుతున్నాయి? గుంటూరు సీమలోని మల్కాపురం శాసనం 1261 నాటిది. అందులో రుద్రమ గణపతిదేవుడి కూతురిగానే దానం చేస్తోంది. తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని గోళకీ మఠాచార్యుడికి ధారపోస్తోంది. దాచిపెట్టిన రహస్యాన్ని ఎవరూ రాతిమీద చెక్కించరు కదా! నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో ఆమె పెళ్ళి కూడా దాచిన విషయం కాదు.

"మరి ఆమెని రుద్రదేవ మహారాజు అన్నారు కదా" అని మీరు అడగొచ్చు. నిజమే, చాలా శాసనాల్లో మగపేరే ఉంది. సినిమా ఊహకి మూలం కూడా అక్కడే ఉంది. అయితే అది మారువేషం కాదని నా అభిప్రాయం. రాజు అనే పదవికి అప్పటికి ఉన్న భాష మగభాష. ఆ పదవిలో కూర్చోడానికి ఆమె ఆ భాషని తీసుకుంది. ఆఫీసుల్లో, పంచాయితీల్లో మనం పడే ఇబ్బంది కూడా ఇలాంటిదే. మనం ఎవరమో అందరికీ తెలుసు. అయినా కుర్చీ మాత్రం మగవాడి కొలతలకి చేసి ఉంటుంది. సినిమా ఈ రాజకీయాన్ని వదిలేసి వేషాన్ని పట్టుకుంది.

ఆమె చెల్లెలు గణపాంబ కోట వంశపు బేతరాజు భార్య. భర్త పోయాక ఆ సీమని పాలించింది. భర్త తర్వాత భార్య పాలించడం లోకానికి అర్థమయ్యే విషయం. రుద్రమకి అధికారం తండ్రి నుంచి వచ్చింది. లోకానికి మింగుడుపడనిది ఇదే. మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలో ఆమె న్యాయపాలనని మెచ్చుకుంటూనే, ఆమెని చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. సింహాసనం మీద ఆడది ఉంటే వితంతువే అయి ఉండాలి. ఏడువందల ఏళ్ళు గడిచాక మన సినిమావాళ్ళు, సింహాసనం మీద ఆడది ఉంటే మగవేషంలోనే ఉండాలన్నారు. కూతురు కూతురిగానే వారసురాలు కావడం ఇద్దరి ఊహకీ అందలేదు!

సినిమా అంటే పరిశోధనా గ్రంథం కాదు, వినోదం కోసం కొంత కల్పన ఉంటుంది అంటారు. నేను కాదనను. నాకూ పాటలు, యుద్ధాలు ఇష్టమే. నా అభ్యంతరం కల్పన ఏ వైపుకి సాగుతోందన్నదాని మీద. గోన గన్నారెడ్డి మనకి అడవి బాపిరాజు నవల వల్ల దగ్గరైన మనిషి. మేము చూసిన హాల్లో ఈలలన్నీ ఆయన పాత్రకే పడ్డాయి. టైటిల్ రాణిదైనా, ఆమె చిక్కుల్లో పడినప్పుడు ఆదుకోడానికి ఒక హీరో కావలసివచ్చాడు. మరోవైపు మల్కాపురం శాసనంలో ఉన్న ప్రసూతిశాల ఎవరికీ కథావస్తువుగా కనిపించలేదు. ఆ గ్రామాల ఆదాయంలో ఒక భాగాన్ని ప్రసూతిశాలకి, ఆరోగ్యశాలకి, సత్రానికి కేటాయించారు. ఆ వెలగపూడిలోనే ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉంది. కాన్పుల గది కోసం కలెక్టరేట్ల చుట్టూ తిరిగే మనకి ఇంతకంటే పనికొచ్చే చరిత్ర ఏముంది?

ఇక చారిత్రక సత్యం కావాలని గట్టిగా అరిచేవాళ్ళందరూ మన పక్షం కాదు. 2018లో విడుదలైన ‘పద్మావత్’ మీద జరిగిన గొడవ గుర్తుంది కదా. 1303లో చిత్తోడు ముట్టడిలో సుల్తాను వెంట ఉన్న అమీర్ ఖుస్రో తన విజయగాథలో పద్మిని పేరే ఎత్తలేదు. ఆమె కథ 1540లో జాయసీ రాసిన కావ్యంతో మనకి తెలిసింది. కుల గౌరవం పేరుతో వీధుల్లోకి వచ్చినవాళ్ళు దాన్నే చరిత్ర అన్నారు. సినిమాలో ఆడవాళ్ళు వరసగా మంటల్లోకి నడిచే దృశ్యాన్ని మాత్రం మహావైభవంగా తీశారు. 1987లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ చితి మీద కాలిపోయాక సతిని కీర్తించడం కూడా నేరమని చట్టం తెచ్చుకున్న దేశం ఇది. ఒకరు వినోదం అన్నారు, ఇంకొకరు గౌరవం అన్నారు. ఆడవాళ్ళ ప్రాణం సంగతి ఇద్దరికీ పట్టలేదు.

అందుకే "ఇది జరిగిందా లేదా" అన్న ఒక్క ప్రశ్నతో మన పని తీరదు. ఏది కలిపారు, ఏది తీసేశారు, దానివల్ల ఎవరికి లాభం అని కూడా అడగాలి. ఈ ప్రశ్నలు మనకీ వర్తిస్తాయి. రుద్రమ కాలం స్త్రీలకి స్వర్ణయుగమని మనం చెప్పకూడదు. ఆమె తర్వాత సింహాసనం కూతురు ముమ్మడమ్మకి రాలేదు, ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడికి వెళ్ళింది. ఒక కూతురికి తెరుచుకున్న తలుపు తర్వాతి కూతురికి మూసుకుపోయింది. ఇది కూడా చెబితేనే మన చరిత్ర పూర్తవుతుంది.

1985లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. అయినా పసుపు కుంకుమల పేరుతో ఎంతోకొంత చేతిలో పెట్టి ఆడపిల్లలతో రిలీజు డీడు మీద సంతకం పెట్టించుకోవడం మీరంతా చూస్తున్నదే. "కొడుకులా పెంచాం" అనే ఇళ్ళలోనూ ఇదే జరుగుతోంది. ఆ మాట వినడానికి బాగుంటుంది. ఆచరణలో అది పెంపకం దగ్గరే ఆగిపోతుంది, పట్టాదారు పాసుపుస్తకం దాకా రాదు.

నల్గొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి చిన్న శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివసాయుజ్యం పొందారని, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే ఆయన దేవుడికి భూమి ఇచ్చాడని అందులో ఉంది. ఆ రాతిమీద ఆమె రుద్రమదేవిగానే ఉంది. వచ్చేసారి ఊళ్ళో రుద్రమ పేరు ఎత్తినప్పుడు సినిమా కథ చెప్పండి, తప్పులేదు. దాని తర్వాత ఈ శాసనాల కథ కూడా చెప్పండి. చివరికి ఆ పొదుపు సంఘం ఆమె అడిగిన ప్రశ్న అడగండి.