నమూనా తెస్తే సగం కాదు, మొత్తం తేవాలి

(భట్టిప్రోలులో యువతతో పంచుకున్న మాటలు)



మన నిఘా విభాగాలు బాగుపడాలంటే బ్రిటన్‌లోని ఎంఐ5 లాంటిది పెట్టాలని కొందరు అంటుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తెల్లదొరల నిఘా మనకు కొత్తా? ఇక్కడికి దగ్గర్లోనే, బాపట్ల పక్కన స్టువర్టుపురం ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఆ చట్టం పేరుతో ఎరుకల కుటుంబాలను అక్కడ సెటిల్‌మెంటులో పెట్టారు. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. తప్పు చేయకముందే పుట్టుకే నేరమైపోయింది.

బ్రిటన్ దగ్గర మనం నేర్చుకున్నది ఆ సగమే. రెండో సగం చూడండి. ఎంఐ5కి 1989లో పార్లమెంటు చట్టం చేసింది. దాని అధికారులకు అరెస్టు చేసే అధికారం లేదు. అన్యాయం జరిగిందనుకుంటే మామూలు మనిషి కూడా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. మరి 1887లో పుట్టిన మన ఐబీ? దాన్ని నడిపించే ప్రత్యేక చట్టం ఈనాటికీ లేదు. 2011లో ఎంపీ మనీష్ తివారీ ప్రైవేటు బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు.

ఇక మన దగ్గరికి రండి. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికని పెట్టిన విభాగం ఎస్ఐబీ. అక్కడి నుంచే రాజకీయ నాయకుల ఫోన్లు విన్నారన్న ఆరోపణపై 2024లో తెలంగాణలో కేసు నడిచింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. అయితే నాయకుల ఫోన్లు కాబట్టి అది బయటికొచ్చింది. గూడెంలో పోడు పట్టా అడిగే కుర్రాడి ఫోన్ వింటే ఎవరికి తెలుస్తుంది? ఫోన్ ట్యాపింగ్‌కు 1996లో సుప్రీంకోర్టు షరతులు పెట్టింది, సమీక్ష కమిటీ ఉండాలంది. ఆ కమిటీలో కూర్చునేదీ ప్రభుత్వ అధికారులే. దొంగ లెక్కను దొంగే సరిచూసినట్టు!

చట్టం ఒక్కటే చాలదు కూడా. పోలీసుల అక్రమాలు బయటపడ్డాక కెనడా 1984లో నిఘాను వాళ్ల చేతుల్లోంచి తీసి, చట్టంతో వేరే సంస్థ పెట్టింది. అయినా 2014-15లో అక్కడి పోలీసులు ఆదివాసీ నిరసనకారుల జాబితా తయారుచేశారు.

అందుకే మనం అడగాల్సినవి మూడు. నిఘాకు చట్టం. ప్రభుత్వంతో సంబంధం లేని ట్రిబ్యునల్. ఆ పరిశీలనలో ఆదివాసీలకు చోటు. హక్కు అడగడం అనుమానించాల్సిన పని కాదని ఆ చట్టంలోనే రాయించుకోవాలి. మీ ఎమ్మెల్యేని, ఎంపీని ఈ మూడూ అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

జోహార్!