కుక్క దగ్గితే గొంతులో చెయ్యి పెట్టొద్దు

(అరకులోయలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఎజెండాలో కాఫీ ధర ఉంది, పోడు పట్టాలు ఉన్నాయి, అడవి పందుల నష్టపరిహారం ఉంది. వాటి మధ్య "కుక్కల దగ్గు" అని చూసి కొందరు నవ్వుకున్నారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఒక్క మాట ఆలోచించండి. చోడి చేను ఎన్ను తీశాక రాత్రంతా మంచె కింద మనతోపాటు మేలుకొని ఉండేది ఎవరు? మేకల మందతో కొండెక్కి దిగేది ఎవరు? కళ్ళంలో ఆరబోసిన కాఫీ గింజల దగ్గరికి కొత్తవాడొస్తే ముందు అరిచేది ఎవరు? కూలి అడగదు, సెలవు అడగదు. మిగిలిన చోడి అంబలి, ఇంత గంజి మెతుకులు పోస్తే చాలు. అలాంటి కాపలాదారుకి జబ్బు చేస్తే మన సంఘం మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు?

ఇంకో కారణం కూడా ఉంది. కుక్క దగ్గినప్పుడు మనం చేసే ఒక పని మనిషి ప్రాణం మీదికి తెస్తుంది. దాని గురించి కూడా చెబుతాను. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకుని వెళ్ళినా చాలు.

ఏమిటీ దగ్గు?

చలికాలం మొదలై పొగమంచు పట్టే రోజుల్లో చూడండి. ఒక ఇంటి కుక్క ఖణేల్ ఖణేల్‌మని పొడి దగ్గు మొదలుపెడుతుంది. బాతు అరిచినట్టు ఉంటుంది. దగ్గి దగ్గి చివరికి మెడ సాచి, వాంతి చేసుకోబోతున్నట్టు ఓకరించి, తెల్లటి నురుగు కక్కుతుంది. వారం పది రోజులు తిరిగేసరికి వీధిలో మిగతా కుక్కలూ అందుకుంటాయి. పరిగెత్తినా, మెడ తాడు లాగినా దగ్గు ఎక్కువవుతుంది.

దీన్ని డాక్టర్లు కెన్నెల్ కాఫ్ అంటారు. కెన్నెల్ అంటే చాలా కుక్కల్ని ఒకేచోట ఉంచే కొట్టం. పట్నంలో ఊరెళ్ళేవాళ్ళు తమ కుక్కల్ని అలాంటి చోట వదిలి వెళతారు. అక్కడ ఒకదాని నుంచి ఒకదానికి పాకుతుంది కాబట్టి ఆ పేరు. మన ఊళ్ళల్లో అలాంటి కొట్టాలు లేవు. కానీ సంత ఉంది, పెళ్ళి విందు ఉంది, కాఫీ పండు ఏరే రోజుల్లో పది ఊళ్ళ జనం వెంట వచ్చిన పది ఊళ్ళ కుక్కలు ఉన్నాయి. విస్తరాకుల కుప్ప దగ్గర అవన్నీ మూతులు కలిపితే చాలు, అదే మన కెన్నెల్.

దీనికి కారణం ఒక్కటే క్రిమి కాదు. బోర్డెటెల్లా అనే బాక్టీరియా ఉంది, పారా ఇన్‌ఫ్లుయెంజా, అడినో అనే వైరస్‌లు ఉన్నాయి. ఒక్కోసారి రెండు మూడు కలిసి గాలిగొట్టం లోపలి పొరను పుండు చేస్తాయి. పిల్లలకి వచ్చే కోరింత దగ్గు తెలుసు కదా, ఆ క్రిమికి ఈ బోర్డెటెల్లా దగ్గరి చుట్టం. ఇదే బోర్డెటెల్లా పంది పిల్లల ముక్కుల్ని కూడా పాడుచేస్తుంది. పందులు పెంచుకునేవాళ్ళు దగ్గే కుక్కని పందుల దొడ్డి దగ్గరికి రానివ్వకండి. మనుషులకి అంటడం చాలా అరుదు. అయినా పెద్ద జబ్బులకి మందులు వాడుతూ ఒంట్లో శక్తి లేనివాళ్ళు దూరంగా ఉండడం మంచిది.

క్రిమి అంటిన రెండు నుంచి పది రోజుల్లో దగ్గు బయటపడుతుంది. గట్టి కుక్కైతే ఒకటి నుంచి మూడు వారాల్లో దానంతటదే కోలుకుంటుంది. మందు లేకుండానే ఎక్కువ కుక్కలు బాగుపడతాయి. వాటికి కావాల్సింది సాకడం.

ఎలా సాకాలి?

మొదటిది, విశ్రాంతి. రెండు మూడు వారాలు చేనుకి, కొండకి తీసుకెళ్ళకండి. కాపలాకి ఇంకో కుక్కని పంపండి, లేదా ఇంట్లోవాళ్ళే వంతులు వేసుకోండి. దగ్గే కుక్కని పరిగెత్తిస్తే గాలిగొట్టంలో పుండు మానదు, ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

రెండోది, మెడకి తాడు, గొలుసు వద్దు. కట్టక తప్పకపోతే పాత చీర గుడ్డని ముందు కాళ్ళ వెనక నుంచి ఛాతీ చుట్టూ పట్టీలా వేసి దానికి కట్టండి. గొంతు మీద ఒత్తిడి పడకూడదు.

మూడోది, పొగ. మన కుక్కలు చలికి ఎక్కడ పడుకుంటాయి? పొయ్యి బూడిదలో. వెచ్చగానే ఉంటుంది, కానీ పొగ, బూడిద పీల్చి దగ్గు రెట్టింపవుతుంది. ఆ కొద్దిరోజులు పొయ్యి దగ్గర నుంచి తప్పించి, గాలి తగలని అరుగు మూలన ఎండుగడ్డి మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టండి. మంచు కురిసే రాత్రి బయట వదలకండి.

నాలుగోది, నీళ్ళు, మెత్తటి తిండి. గోరువెచ్చని నీళ్ళు రోజంతా అందేలా పెట్టండి. గట్టి ఎముకలు, ఎండు రొట్టెలు గొంతుని గీరతాయి. గంజిలో మెత్తగా ఉడికిన అన్నం, పలచటి చోడి అంబలి, ఉడికించిన గుడ్డు, ఉప్పూ కారం లేని మాంసం నీళ్ళు ఇవ్వండి. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా నాలుగుసార్లు పెట్టండి.

ఐదోది, తేనె. మన కొండ తేనె అర చెంచా గోరువెచ్చని నీళ్ళలో కలిపి రోజుకి రెండుసార్లు నాకిస్తే గొంతు గీర తగ్గుతుంది. చిన్న కూనలకి మాత్రం వద్దు.

ఆరోది, వేరుగా ఉంచడం. వేరే పళ్ళెం, వేరే నీళ్ళ గిన్నె. గోనెపట్టా ఎండలో వెయ్యండి, గిన్నెలు మరిగే నీళ్ళతో కడగండి. దగ్గు తగ్గాక కూడా ఇంకో రెండు వారాలు సంతకి వెంట రానివ్వకండి. పైకి బాగున్నా కొన్నాళ్ళు క్రిములు వదులుతూనే ఉంటుంది.

చెయ్యకూడనివి

మన ఇంట్లో ఉన్న మాత్రలు, దగ్గు టానిక్కులు కుక్కకి పొయ్యకండి. పారాసెటమాల్ మోతాదు మించితే కుక్క కాలేయం పాడవుతుంది. ఐబూప్రొఫెన్ కడుపులో పుండ్లు చేస్తుంది, మూత్రపిండాలు చెడతాయి. దగ్గుకి మంచిదని ఉల్లిపాయ దంచి తినిపిస్తారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని విరిచేస్తాయి. వేడి పుడుతుందని సారా చుక్క, కల్లు చుక్క పట్టేవాళ్ళూ ఉన్నారు. మద్యం కుక్కకి విషమే.

ఇంకొకటి. ఎడ్లకి వెదురు గొట్టంతో మందు పట్టినట్టు కుక్కకి పట్టకండి. దగ్గే కుక్క తల పైకెత్తి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దగ్గు కాస్తా న్యుమోనియా అవుతుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

దగ్గుతున్నా తింటూ, తాగుతూ, తోక ఊపుతూ ఉంటే ఇంట్లో సాకొచ్చు. కింది గుర్తుల్లో ఏ ఒక్కటి ఉన్నా ఆగకండి.

తిండి మానేసింది. ముక్కు నుంచి పసుపు, ఆకుపచ్చ చీమిడి కారుతోంది. నిద్రలో ఉన్నప్పుడు డొక్క ఎగరడం లెక్కపెట్టండి, నిమిషానికి 30 దాటిందంటే ఊపిరి కష్టంగా ఉన్నట్టే. చిగుళ్ళు నీలంగానో తెల్లగానో ఉన్నాయి. ఆరు నెలల లోపు కూన, లేదా ముసలి కుక్క. మూడు వారాలైనా దగ్గు తగ్గలేదు. వీటికి డాక్టరు చూసి యాంటీబయాటిక్ ఇస్తారు. చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడాలి. రెండు రోజుల్లో తేరుకుందని మానేయకండి.

దగ్గుతోపాటు కళ్ళల్లో పుసి, వాంతులు, విరేచనాలు, తర్వాత ఒళ్ళు అదరడం, మూర్ఛలు వస్తే అది డిస్టెంపర్ కావచ్చు. అది కూనల్ని ఎక్కువగా చంపే వైరస్. కుక్కలతో ఆగదు కూడా. 2018లో గుజరాత్ గిర్ అడవిలో 23 సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటిలో ఈ డిస్టెంపర్ వైరస్సే బయటపడింది. అడవి అంచున బతికే మన కుక్కకి టీకా వేస్తే అడవికి కూడా మేలే.

అసలు మాట

ఇప్పుడు మొదట చెప్పిన విషయానికి వస్తాను. కుక్క ఓకరిస్తుంటే మనం ఏమనుకుంటాం? "గొంతులో ఎముక ఇరుక్కుంది" అనుకుంటాం. వెంటనే ఇద్దరు పట్టుకుంటారు, ఒకరు నోరు తెరిచి వేళ్ళు లోపలికి పెట్టి వెతుకుతారు. పాపం, జాలితోనే చేస్తారు. కానీ పిచ్చి కుక్క జబ్బు, అంటే రేబిస్, అన్నిసార్లూ కరిచే రూపంలో రాదు. ఇంకో రూపం ఉంది. అది ఎవర్నీ కరవదు. కింది దవడ వేలాడుతుంది. చొంగ కారుతుంది. నీళ్ళు మింగలేదు. గొంతు మారిపోతుంది. మూల చేరి కూర్చుంటుంది. అచ్చం ఎముక ఇరుక్కున్నట్టే ఉంటుంది. ఆ నోట్లో చెయ్యి పెడితే, చేతిమీద చిన్న గీర ఉన్నా సరే, ఆ చొంగతో జబ్బు మనిషికి ఎక్కుతుంది. ఒకసారి మనిషిలో బయటపడిన రేబిస్ నుంచి బతికి బయటపడినవాళ్ళు ప్రపంచం మొత్తంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

కాబట్టి దగ్గినా, ఓకరించినా, చొంగ కార్చినా ఏ కుక్క నోట్లోనూ చెయ్యి పెట్టొద్దు. పిల్లలకి ముందు చెప్పండి, ఎందుకంటే కుక్కతో ఎక్కువ ఆడేది వాళ్ళే. చొంగ కారుతూ, దవడ వేలాడేసిన కుక్కని దూరం నుంచే గదిలోనో దొడ్లోనో మూసి పశువైద్యుణ్ణి పిలవండి.

అప్పటికే కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా, సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం పెట్టొద్దు. ఆ రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి సూది వేయించుకోండి. చెప్పిన తేదీలన్నీ పూర్తి చెయ్యాలి. మంత్రం వేయించుకోవాలంటే తర్వాత వేయించుకోండి, ముందు సూది.

మన డిమాండ్లు

దగ్గు రాకుండా టీకాలు ఉన్నాయి. కూనకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేవరకు వేసే కలిపిన టీకాలో డిస్టెంపర్, అడినో, పారా ఇన్‌ఫ్లుయెంజా ఉంటాయి. మూడు నెలలకి రేబిస్ టీకా, తర్వాత ఏటా ఒకసారి.

ఏటా జూలై 6న పశుసంవర్ధక శాఖ రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంది. 1885లో అదే రోజున పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి రేబిస్ టీకా వేశాడు, అందుకే ఆ తేదీ. మంచిదే. కానీ జూలైలో మన గెడ్డలు ఎలా పొంగుతాయో మీకు తెలుసు. నాట్ల పని వదిలి, కుక్కని భుజాన వేసుకొని, గెడ్డ దాటి మండల కేంద్రానికి ఎవరు వస్తారు? కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రకటించిన జాతీయ ప్రణాళిక 2030 నాటికి కుక్కల వల్ల వచ్చే రేబిస్ లేకుండా చెయ్యాలంటోంది. దానికి కనీసం 70 శాతం కుక్కలకి టీకా పడాలి. ఏడాదికి ఒక్క రోజు, ఒక్క చోట వేస్తే కొండ మీద ఊళ్ళల్లో 70 శాతం ఎలా పడుతుంది?

అందుకని మన సంఘం తరఫున నాలుగు అడుగుదాం.

ఒకటి: జూలై 6తోపాటు, వానలు వెనక్కి తగ్గాక, చలి ముదరకముందే రెండో టీకా శిబిరం పెట్టాలి. అది ఆసుపత్రిలో కాదు, సంత రోజున సంతలోనే పెట్టాలి.

రెండు: డిస్టెంపర్ కలిసిన టీకా రైతు సేవా కేంద్రాల ద్వారా సబ్సిడీ మీద ఇవ్వాలి. కాపలా కుక్క కూడా రైతు పనిముట్టే, రైతు ఆస్తే.

మూడు: 1962కి ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం 2022 నుంచి నడుస్తోంది. రోడ్డు లేని ఊళ్ళకి అది చేరదు. అలాంటి ఊళ్ళకి నెలలో ఏ రోజు, ఏ రోడ్డు చివర ఆగుతుందో ముందే చెప్పాలి. గర్భిణుల్ని డోలీలో మోసే దారి మీద పశువు కూడా ఇరుక్కుంటోంది. రోడ్డు అడిగేది ఇద్దరి కోసమూ.

నాలుగు: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం బయట మనుషులకి వేసే రేబిస్ టీకా ఎన్ని డోసులు ఉన్నాయో రోజూ బోర్డు మీద రాయాలి. పది కిలోమీటర్లు నడిచి వచ్చాక "లేదు, రేపు రండి" అనే మాట వినకూడదు.

అర్జీతోపాటు మనం చెయ్యాల్సిన పని కూడా ఉంది. ప్రతి ఊరి కమిటీ ఈ నెలలోనే తమ ఊళ్ళో ఎన్ని కుక్కలు ఉన్నాయి, ఎన్నింటికి టీకా పడింది, ఎన్ని దగ్గుతున్నాయి అని ఒక కాగితం మీద లెక్క రాయండి. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తీసుకురండి. లెక్క చేతిలో ఉంటే అధికారి ముందు మాట గట్టిగా ఉంటుంది. లెక్క లేకపోతే "కుక్కల గురించి కూడా అర్జీనా" అని నవ్వుతారు.

సెలవు. ఇప్పుడు కాఫీ ధర గురించి మాట్లాడుకుందాం.