పుస్తకం మనమే వేసుకుందాం

(మంగళగిరిలో యువ రచయితల సమావేశంలో మాట్లాడిన మాటల పాఠం)



నన్ను "స్వీయ ప్రచురణ" మీద మాట్లాడమన్నారు. పేరు పెద్దదిగా ఉంది గానీ విషయం చిన్నదే. మన పుస్తకం మనమే అచ్చేసుకోవడం. దాన్ని ఒక్కరే ఎందుకు చెయ్యకూడదు, ఎవరితో కలిసి చెయ్యాలి అన్నదే ఇవాళ నా మాట.

ముందు, అసలు మనమెందుకు వేసుకోవాలి? నేను ఎరుకల పిల్లని. ఇక్కడికి దగ్గర్లోనే, బాపట్ల వైపు, స్టువర్టుపురం ఉంది. ఆ పేరు వినగానే మీలో కొందరికి ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. మీ తప్పు కాదు. 1991లో ఒక సినిమా వచ్చింది, 2023లో ఇంకోటి వచ్చింది. రెండోదాని టీజర్ మీద కేసు హైకోర్టు దాకా వెళ్ళింది. సినిమాల కంటే ముందే సర్కారు మన గురించి రాసింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా వచ్చింది. పుట్టిన కులాన్ని బట్టి దొంగ అని రిజిస్టరులో పేరు, పక్కన వేలిముద్ర, పోలీసు దగ్గర హాజరు. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఆ కాలంలో పుట్టినవే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. రిజిస్టరులో పడ్డ మాట మాత్రం పోలేదు, పుస్తకాల్లోకీ తెరమీదికీ నడుచుకుంటూ వచ్చింది.

అంటే మన గురించి అచ్చు కరువేం లేదు. బోలెడంత ఉంది. అందులో మన చేత్తో రాసింది ఎంత? అదీ అడగాల్సింది.

ఇంకో మాట. ఆదివాసీ అనగానే కొండ, అడవి, డోలు బొమ్మేస్తారు. ఈ పత్తి చేలల్లో, మిరప కళ్ళాల్లో బతికే ఎరుకల, యానాది, సుగాలి వాళ్ళు ఆ బొమ్మలో ఉండరు. మన సభల పోస్టర్ల మీద కూడా ఉండరు, ఈ మాట మనవాళ్ళకే చెప్తున్నా.

సరే, దారి చూపినవాళ్ళ సంగతికొద్దాం. మనకు దగ్గరి కథ సవరలది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకున్నారు, సవర పిల్లలకు పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టారు. 1931లో ఆయన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. గొప్ప పని, ఎవరూ కాదనరు. అయితే ఆయనకు సవర మాట నేర్పిన సవరల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? పుస్తకం అట్ట మీద చోటు ఒక్కరికే దొరికింది. ఆ తర్వాత ఐదేళ్ళకే, 1936లో, మంగేయి గొమాంగో అనే సవర మనిషి తన భాషకు సొంత లిపి తయారుచేశాడు, సొరంగ్ సొంపెంగ్. లిపి చేసి ఊరుకోలేదు, అచ్చు యంత్రం కూడా పెట్టుకున్నారు. సంతాలీకి 1925లో ఓల్ చికి చేసిన పండిత రఘునాథ్ ముర్ము కూడా అంతే, అచ్చు కోసం తిప్పలు పడ్డాడు, చెక్కతో యంత్రం చేయించాడు. వీళ్ళకు ఎవరు చెప్పారో గానీ, అక్షరం మనదై అచ్చు పరాయిదైతే పని సగమేనని తెలుసు. సంతాలీ 2003 రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూలులోకి వచ్చిందంటే, దాని వెనక ఇన్నేళ్ళ అచ్చు పని ఉంది.

ఇప్పటి కాలానికొస్తే, నాకు బాగా నచ్చే ఉదాహరణ కోల్‌కతాలో ఉంది. రూబీ హెంబ్రమ్ అనే సంతాల్ మహిళ. 2012లో పుస్తక ప్రచురణ గురించి ఒక కోర్సులో చేరారు. అక్కడ చెప్పే రచయితల్లో, ప్రచురణకర్తల్లో ఆదివాసీ ఒక్కరూ కనిపించలేదు. అదే ఏడు జాయ్ టుడు, లూయిస్ గోమెజ్ అనే ఇద్దరు తోడుగా "ఆదివాణి" మొదలుపెట్టారు. ముగ్గురే. మొదట వేసినవాటిలో ఆమె తండ్రి తిమోతియస్ హెంబ్రమ్ రాసిన సంతాల్ సృష్టి కథల పుస్తకం ఉంది. 2013లో అదే సృష్టి కథను పిల్లల కోసం బొమ్మలతో వేశారు. 2014లో 1855 సంతాల్ హూల్ మీద ఇంకో బొమ్మల పుస్తకం. గమనించండి: రాసినవాళ్ళు ఇంట్లోవాళ్ళు, బొమ్మలేసినవాళ్ళు కలుపుకున్నవాళ్ళు, అమ్మింది వాళ్ళే. పెద్ద కంపెనీ ఏదో వచ్చి ఎత్తుకుంటుందని కూర్చోలేదు.

తెలుగులో మనవాళ్ళు రాయట్లేదా? రాస్తున్నారు. పార్వతీపురం ఏజెన్సీ నుంచి మల్లిపురం జగదీశ్ గారి "శిలకోల" కథలు చదవనివాళ్ళు చదవండి. లంబాడీ తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ "ఢావ్లో" కథలకు 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. రాసే చేతులకు లోటు లేదు. రాసింది పుస్తకం అయ్యే దారిలోనే మోసాలు, ఆలస్యాలు.

మా సంగతి చెప్తా. మేం ఐదుగురం. మా పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసి పుస్తకం చేస్తున్నాం. సోది చెప్పిన ఆడవాళ్ళు, బుట్టలల్లినవాళ్ళు, హాజరు వేయించుకున్న తాతల సంగతి విన్నవాళ్ళు. ఒక ప్రచురణ సంస్థ మమ్మల్ని పలకరించింది. ప్యాకేజీ అన్నారు: డబ్బు మేమివ్వాలి, పుస్తకం వాళ్ళు వేస్తారు. ఒప్పందం కాగితం పంపారు. మాలో ఒక చెల్లి లా చదువుతోంది, వరసగా చదివింది. ఏడో పేజీలో ఉంది మాట: అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ హక్కులన్నీ వాళ్ళవే. చూశారా? స్టువర్టుపురం ముసలమ్మ బతుకు మీద సినిమా హక్కు, అదీ మేమే డబ్బిచ్చి మరీ రాసిచ్చేది! సంతకం పెట్టలేదు.

మీకూ అలాంటి కాగితం వస్తుంది, అందుకే ఇది రాసుకోండి. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కు బదిలీ కాగితం మీద, సంతకంతోనే జరగాలి. నోటిమాట చెల్లదు. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అని లెక్క. ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. కాబట్టి వాళ్ళు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాస్తారు. ఆ రెండు మాటలు కనిపిస్తే పెన్ను జేబులో పెట్టెయ్యండి.

ఇప్పుడు బృందం. ఈ మంగళగిరిలో మగ్గమున్న ఇంటికి వెళ్ళి చూడండి. నేసేది ఒకరే కనిపిస్తారు. కండెలు చుట్టినవాళ్ళు, పడుగు సిద్ధం చేసినవాళ్ళు, రంగు అద్దినవాళ్ళు లేకపోతే ఆ మగ్గం ఆడదు. పుస్తకమూ అంతే. మాలో ఒకరు రికార్డింగు విని రాస్తారు. మా ఇంటి భాష కుర్రు, దానికి తెలుగు అక్షరం సరిపోని చోట ఏం చెయ్యాలో ఇప్పటికీ కొట్లాడుకుంటున్నాం. ఒకరు డీటీపీ చూస్తారు. అచ్చాఫీసుల్లో ఎక్కువగా పేజ్‌మేకర్లో అను ఫాంట్లు నడుస్తాయి, మనం ఫోన్లో కొట్టేది యూనికోడ్. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మారిస్తే ఒత్తులు ఎగిరిపోతాయి. అందుకని మార్చాక మళ్ళీ మొదటినుంచీ ప్రూఫు చదవాల్సిందే. ఒకరు డబ్బు లెక్క. ఆ లెక్క ప్రతి ఆదివారం గ్రూపులో పెట్టాలి, టీ ఖర్చుతో సహా. స్నేహితులమే కదా అని లెక్క దాచుకుంటే స్నేహమూ పోతుంది, పుస్తకమూ పోతుంది.

నమ్మకం అంటే నాకు ముఖ్యంగా ఇంకోటి. మాట చెప్పిన పెద్దవాళ్ళ నమ్మకం. రాసిన ప్రతి పేజీ వాళ్ళ ముందు చదివి వినిపించాం. మిరపకాయ కోతల కాలంలో పగలు ఎవరూ దొరకరు, రాత్రి అన్నాలయ్యాకే. ఒకామె విని, "ఈ ముక్క తీసెయ్యమ్మా, నా కోడలు చదువుద్ది" అంది. తీసేశాం. మంచి ముక్కే, కథకు పట్టు అదే. అయినా తీసేశాం. ఇంకొకాయన తన పేరు మార్చొద్దన్నాడు, పోలీసు రిజిస్టరులో మా తాత పేరు ఉంది, పుస్తకంలో నా పేరుంటే తప్పేంటి అన్నాడు. లోపలి పేజీలో హక్కులు ఎవరి మాట వాళ్ళవే అని వేస్తున్నాం, చెప్పినవాళ్ళ పేర్లు అట్ట మీద.

ఇక మిగతావి గబగబా చెప్పేస్తా. ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి రచయితే ప్రచురణకర్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి వేలు అడిగేవాడు మిమ్మల్ని ముంచుతున్నాడు. డెమ్మీ సైజులో ఫారానికి 16 పేజీలు, మాది 128 పేజీలు, అంటే ఎనిమిది ఫారాలు. పేజీలు 130 అయితే రెండు పేజీల కోసం ఇబ్బంది, ముందే సర్దుకోండి. మొదట 300 కాపీలు చాలు. వెయ్యి వేసి మంచం కింద పెట్టుకోవద్దు. 1954 చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాతో పాటు మరో రెండు లైబ్రరీలకూ ఒక్కో కాపీ 30 రోజుల్లో పంపాలి. చాలామంది పంపరు. మనం పంపాలి, వందేళ్ళ తర్వాత ఎవరైనా వెతికితే రిజిస్టరు పక్కన మన పుస్తకమూ దొరకాలి. పోస్టు విషయం: రిజిస్టర్డ్ బుక్ ప్యాకెట్ 2024 డిసెంబరులో ఆపేశారు, చిన్న ప్రచురణల నడుం విరిగింది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ తెచ్చారు, 300 గ్రాముల వరకు 20 రూపాయల నుంచి మొదలు. మన పుస్తకం అందులో పడుతుంది. షాపులో పెడితే కమీషను పెద్దది, కాబట్టి సంతల్లో, సభల్లో, ఊళ్ళో చేతికి చేతికి అమ్మేదే నిలుస్తుంది.

మా చివరి ప్రూఫు ఈ బల్ల మీద ఉంది. కుర్రు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ మూల కూర్చుందాం, ముప్పై పేజీలు చూడాలి. ఎర్ర పెన్నులు నా దగ్గరున్నాయి.